పోలింగ్ కేంద్రం తెలియని ఓటు ఎవరి ఓటు?

రాజ్యాంగంలోని 326వ అధికరణం 18 ఏళ్ళు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు ఇచ్చింది. మతం, జాతి, కులం, లింగం అన్న కారణాలతో ఎవరి పేరునూ ఓటర్ల జాబితాకు వెలుపల ఉంచరాదని 325వ అధికరణం శాసించింది. ఈ రెండు అధికరణాలనూ మన సభల్లో వక్తలు కంఠతా అప్పజెబుతారు, మనం చప్పట్లు కొడతాం. అయితే ఆ హక్కును చట్టం ఎక్కడ భద్రపరిచిందో ఆ సభల్లో ఎవరూ చెప్పరు. చట్టం దానిని ఒక గదిలో భద్రపరిచింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా దాదాపు 10.5 లక్షల పోలింగ్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వాటిలో ఒకే ఒక్క కేంద్రంలోని జాబితాలో మన పేరు ఉంటుంది. తక్కిన అన్ని కేంద్రాల్లోనూ మనం దారిన పోయే అపరిచితులమే. గుర్తింపు కార్డు చేతిలో ఉన్నా, ఇల్లు ఎదురుగానే ఉన్నా, పుట్టి పెరిగిన ఊరే అయినా, ఆ గది కాని గదిలో మన ఓటుకు విలువ లేదు.

ఆ గది ఏదో మనలో ఎందరికి తెలుసు? అభ్యర్థి తాత ఏ పార్టీలో ఉండేవాడో చెప్పగలం. ఏ నాయకుడు ఏ ఇఫ్తార్ విందుకు వచ్చి ఎంతసేపు కూర్చున్నాడో చెప్పగలం. మన పేరు జాబితాలో ఏ భాగంలో, ఏ వరుస సంఖ్య కింద ఉన్నదో మాత్రం పోలింగ్ రోజు ఉదయం బల్ల వేసుకుని కూర్చున్న పార్టీ కార్యకర్తను అడిగి తెలుసుకుంటాం. ఈ పరాధీనతను ఇకనైనా వదిలించుకోవాలన్నదే మా వాదన.

భాగం, వరుస సంఖ్య

ముందుగా విషయం స్పష్టం చేసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119 శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. ప్రతి నియోజకవర్గపు ఓటర్ల జాబితానూ భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగానికి ఒక పోలింగ్ కేంద్రం ఉంటుంది. భాగంలో వీధుల వారీగా విభాగాలు, విభాగంలో ఇళ్ళ వారీగా పేర్లు, ప్రతి పేరుకూ ఒక వరుస సంఖ్య ఉంటాయి. నియోజకవర్గం, భాగం సంఖ్య, వరుస సంఖ్య కలిస్తేనే ఓటుకు చిరునామా ఏర్పడుతుంది. ఓటరు గుర్తింపు కార్డు మనం ఎవరమో చెబుతుంది, అంతే. పేరు జాబితాలో లేకపోతే ఆ కార్డు ఓటు వేయించలేదు. పేరు జాబితాలో ఉంటే, కార్డు పోయినా ఎన్నికల సంఘం అనుమతించిన ఇతర గుర్తింపు పత్రాలతో ఓటు వేయవచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ సారాంశం ఇదే.

ఆ కేంద్రం ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఎవరు? అదే చట్టం 25వ సెక్షన్ ప్రకారం జిల్లా ఎన్నికల అధికారి, ఎన్నికల సంఘం ముందస్తు ఆమోదంతో, తగినన్ని పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేసి, ఏ ప్రాంతం ఏ కేంద్రం కిందికి వస్తుందో జాబితాగా ప్రకటించాలి. ఇందుకు ఎన్నికల సంఘం నియమాలు పెట్టింది. ఓటరు 2 కిలోమీటర్లకు మించి నడవవలసి రాకూడదు. నదులు, కొండల వంటి సహజమైన అడ్డంకులు దాటవలసిన అగత్యం కలగరాదు. పోలీసు స్టేషన్లలో, ఆసుపత్రుల్లో, ప్రార్థనా స్థలాల్లో కేంద్రం పెట్టరాదు. కేంద్రానికి 200 మీటర్ల లోపు రాజకీయ పార్టీ కార్యాలయం ఉండరాదు. ఒక కుటుంబంలోని వారందరూ ఒకే కేంద్రంలో ఉండేలా చూడాలి. ఎన్నికలకు ముందు కేంద్రాల ముసాయిదా జాబితాను ప్రకటించి, గడువు పెట్టి, ప్రజల నుండి, పార్టీల నుండి అభ్యంతరాలు స్వీకరించాలి.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా మన మొహల్లాలకు అన్యాయం ఎక్కడ జరుగుతున్నది? ముసాయిదాకూ తుది జాబితాకూ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల్లో జరుగుతున్నది. మా పట్టణంలోనే ఒక మొహల్లా ఉన్నది. దశాబ్దాలుగా అక్కడి వారు వీధి చివరనున్న ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఓటు వేసేవారు. భవనం శిథిలమైందన్న కారణంతో కేంద్రాన్ని జాతీయ రహదారికి ఆవలనున్న కళాశాలకు మార్చారు. భవనం శిథిలమైన మాట నిజమే. కానీ అదే మొహల్లాలో మరో ప్రభుత్వ భవనం ఖాళీగా ఉన్నదన్న మాటా నిజమే. ఆ సంగతి చెప్పవలసిన సమయంలో ఎవరూ చెప్పలేదు. పోలింగ్ రోజున వృద్ధులు, పసిబిడ్డలను చంకనెత్తుకున్న తల్లులు పాత బడి దాకా వెళ్ళి, తాళం చూసి వెనుదిరిగారు. రహదారి దాటించేందుకు ఆటోలు తెచ్చింది ఎవరు? ఒక పార్టీ వారు. ఆటో ఎక్కిన వారి ఓటు ఎవరికి పడి ఉంటుందని ఊరంతా అనుకున్నదో వేరే చెప్పనక్కరలేదు. కేంద్రాన్ని ఎక్కడికి జరిపితే ఓటరు ఎవరి దయపై ఆధారపడతాడో రాజకీయం తెలిసిన వారికి బాగా తెలుసు. మనకే తెలియదు.

అధికారులు ఒక సమాధానం సిద్ధంగా ఉంచుకుంటారు: “నోటీసు బోర్డులో పెట్టాము, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.” మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు కదిపిన మాకు ఆ నోటీసు బోర్డు సంగతి తెలుసు. జాలీ తలుపు వెనుక, గత ఏడాది వేలం ప్రకటన మీద అతికించిన కాగితం అది. కార్యాలయానికి పని మీద వచ్చినవాడే చదవని ఆ కాగితాన్ని, కూలికి పోయే మనిషి సెలవు పెట్టుకుని వచ్చి చదవాలని ఆశించడం చట్టాన్ని పాటించినట్లు కనిపించే తప్పించుకోవడమే. తెలంగాణలో 2017 నుండి రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష. ఆంధ్రప్రదేశ్ 2022లో అదే చట్టం చేసింది. మరి ఉర్దూ చదివే మొహల్లాలో పోలింగ్ కేంద్రం మారినప్పుడు ఉర్దూలో ఒక్క ప్రకటన ఎందుకు అంటించరు? ఈ ప్రశ్న అడగడం యాచన కాదు. రాష్ట్రమే చేసిన చట్టాన్ని రాష్ట్రానికే గుర్తుచేయడం.

అయితే నేరమంతా అధికారులదే అని చెప్పి చేతులు దులుపుకోవడం మాకు సమ్మతం కాదు. ఎన్నికల సంఘం గుర్తించిన ప్రతి పార్టీకీ బూత్ స్థాయి ఏజెంటును నియమించుకునే వీలున్నది. మన ఓట్లు కావాలని మన ఇళ్ళ ముందు నిలిచే పార్టీలు, మన కేంద్రం మారుతుంటే ముసాయిదాపై ఒక్క కాగితం రాశాయా? మసీదు కమిటీ పదవుల కోసం పోటీపడే పెద్దలు ఆ వారం రోజుల్లో ఒక్కసారి తహసీల్దారు కార్యాలయ మెట్లు ఎక్కారా? గడువు ముగిసిన తర్వాత వినిపించే ఆక్రోశం దస్త్రంలోకి ఎక్కదు.

చీటీ ఇచ్చేవాడే యజమాని

పోలింగ్ రోజున కేంద్రానికి 200 మీటర్ల ఆవల బల్లలు వెలుస్తాయి. వాటిపై ఓటర్ల జాబితా ఉంటుంది. మన పేరు చెప్పగానే కార్యకర్త వేలితో వెదికి, సంఖ్య రాసి చీటీ చేతిలో పెడతాడు. ఇది సేవ అని మనం అనుకుంటాం. ఆ వేలు మన పేరు పక్కన ఒక గీత గీస్తుంది. సాయంత్రానికల్లా ఏ ఇంట్లో ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న లెక్క అతని చేతిలో ఉంటుంది. మన ఓటు రహస్యమే, కానీ మన రాకపోకలు రహస్యం కావు. తన భాగం సంఖ్య తెలిసినవాడు ఆ బల్ల ముందు నిలవనక్కరలేదు. ఎన్నికల సంఘమే పోలింగ్‌కు ముందు ఓటరు సమాచార చీటీని ఇంటికి పంపాలి. అది అందకపోతే బూత్ స్థాయి అధికారిని నిలదీసి అడగాలి. ఆ చీటీ గుర్తింపు పత్రం కాదని, దానితో పాటు కార్డు తీసుకువెళ్ళాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ మరో అపనిందను ప్రస్తావించక తప్పదు. 2024 మేలో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం పైచిలుకు పోలింగ్ జరిగింది. తెలంగాణ మొత్తానికి అది 65 శాతం దాటింది. ప్రతి ఎన్నిక తర్వాతా “పాతబస్తీ ఓటర్లకు పట్టదు” అన్న వ్యాఖ్యలు పత్రికల్లో వస్తాయి. ఆ శాతం లెక్కించేది జాబితాలోని పేర్లను బట్టి. మరణించినవారి పేర్లు, ఇల్లు మారి వెళ్ళినవారి పేర్లు తొలగకుండా, రెండు చోట్ల ఉన్న పేర్లు సవరించకుండా జాబితా ఉబ్బి ఉంటే, ఉన్నవారందరూ ఓటు వేసినా శాతం తక్కువగానే కనిపిస్తుంది. అంటే ఆ అంకెలో ఓటరు నిర్లక్ష్యం ఎంత, జాబితా లోపం ఎంత అన్నది విడదీయకుండా ఒక సమాజాన్ని నిందించడం న్యాయం కాదు. అదే సమయంలో మేము మనవారికీ ఒక మాట చెబుతాం. మరణించిన తండ్రి పేరు జాబితాలో ఉంచి, దానిని మన “బలం” అనుకోవడం అవివేకం. ఆ పేరే రేపు మన మీద దొంగ ఓట్ల ఆరోపణకు ఆధారమవుతుంది, నిజమైన పేర్లను కూడా తుడిచిపెట్టేందుకు సాకు అవుతుంది.

ఒకే పేరు, పది రాతలు

మన పేర్ల విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఒకే మనిషి ఒక పత్రంలో షేక్, మరొక దానిలో షేఖ్, ఇంకొక దానిలో షైక్. ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్, చివరకు ఎం.డి. బీ, బీబీ, బేగం ఒకదానికొకటి మారుతుంటాయి. ఉర్దూలో రాసుకున్న పేరు తెలుగులోకి, అక్కడి నుండి ఆంగ్లంలోకి, మళ్ళీ యంత్రం ద్వారా తెలుగులోకి వచ్చేసరికి తండ్రీకొడుకుల ఇంటిపేర్లు వేరైపోతాయి. మరోవైపు, ఒకే వీధిలో అదే పేరుతో, అదే వయసుతో, భర్త పేరు కూడా ఒకటే అయిన స్త్రీలు ఇద్దరు ముగ్గురు ఉండటం మనలో అరుదు కాదు. వివరాలు ఒకేలా ఉన్న నమోదులను గుర్తించే కంప్యూటరు విధానానికి వీరు “నకిలీలు”గా కనిపిస్తారు. అలా గుర్తించడం విచారణకు ఆరంభం మాత్రమే కావాలి. అదే తీర్పుగా మారితే అన్యాయం.

ఇవి ఊహాజనితమైన భయాలు కావు. 2015 మార్చిలో ఎన్నికల సంఘం జాబితాలను ఆధార్‌తో జతపరిచే శుద్ధి కార్యక్రమం ప్రారంభించింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వినియోగంపై ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో దానిని నిలిపివేయవలసి వచ్చింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగినప్పుడు, కార్డు చేత పట్టుకుని కేంద్రానికి వెళ్ళి, జాబితాలో పేరు లేక తిరిగివచ్చిన వారి ఫిర్యాదులు ఎంతగా వెల్లువెత్తాయంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. విచారం వ్యక్తమైంది కానీ పోయిన ఓటు తిరిగి రాలేదు.

2025 బిహార్ అనుభవం ఇంకా పెద్ద పాఠం. ప్రత్యేక సమగ్ర సవరణ తర్వాత ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరిని, ఏ కారణంతో తొలగించారో తెలిపే జాబితాను బూత్‌ల వారీగా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించేవరకు ఆ సమాచారం సామాన్యునికి అందలేదు. గుర్తింపు కోసం ఆధార్‌ను కూడా స్వీకరించాలని సెప్టెంబరు 8న మళ్ళీ కోర్టే చెప్పవలసి వచ్చింది. గమనించండి, కోర్టు “బూత్‌ల వారీగా” అన్నది. రాష్ట్రం మొత్తం మీద లక్షల అంకె ఎవరికీ ఉపయోగపడదు. తన భాగం సంఖ్య తెలిసినవాడే ఆ జాబితాలో తన పేరు వెదుక్కోగలడు. తెలియనివాడికి కోర్టు గెలిపించిన హక్కు కూడా చేతికి అందదు.

పౌరసత్వం పేరుతో పేర్లు తొలగించబోయినప్పుడు సుప్రీంకోర్టు 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో ఇచ్చిన తీర్పు మన ప్రతి మొహల్లాలోనూ తెలియాలి. లోగడ జాబితాలో పేరున్న వ్యక్తిని నోటీసు లేకుండా, అనుమానానికి కారణం చెప్పకుండా, అతని వద్దనున్న ఆధారాలు పరిశీలించకుండా తొలగించరాదని, పాత జాబితాలో పేరు ఉండటానికి విలువ ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ కూడా తొలగింపునకు ముందు ఆ వ్యక్తి చెప్పేది వినాలని ఓటరు నమోదు అధికారిని ఆదేశిస్తున్నది. కాబట్టి “మీ పేరు పోయింది, ఏం చేస్తాం” అన్న మాటకు తల ఊపి రానక్కరలేదు. నోటీసు ఎప్పుడిచ్చారు, ఎవరికిచ్చారు అని అడగాలి. అధికారి నిర్ణయంపై 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేటుకు, ఆ తర్వాత 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

చేయవలసింది

మన కేంద్రం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. ఎన్నికల సంఘం వారి ఓటరు సేవల పోర్టల్‌లో కార్డు మీది సంఖ్యతో గాని, పేరు, వయసు, జిల్లా వివరాలతో గాని వెదకవచ్చు. కార్డు సంఖ్యతో వెదకడం మేలు, పేరుతో వెదికితే పైన చెప్పిన అక్షరాల చిక్కు ఎదురవుతుంది. ఇవేవీ చేతకాకపోతే బూత్ స్థాయి అధికారి ఉన్నారు. ఆమె సాధారణంగా మన వీధి అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయురాలో అయి ఉంటారు. కొత్తగా చేరడానికి ఫారం 6, తొలగింపు కోరడానికి గాని అభ్యంతరం చెప్పడానికి గాని ఫారం 7, తప్పులు సవరించుకోవడానికి, ఇల్లు మారినప్పుడు ఓటు మార్చుకోవడానికి ఫారం 8 వాడాలి. 18 ఏళ్ళు నిండే పిల్లలకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలు నాలుగూ అర్హతా తేదీలే. ఫారం 7లో అబద్ధం చెప్పి ఇతరుల పేరు తీయించబోవడం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడగల నేరం.

కొందరు “పోయినసారి వేసిన చోటనే కదా” అంటారు. ఒక కేంద్రానికి ఓటర్ల గరిష్ఠ సంఖ్యను 1500 నుండి 1200కు తగ్గించాలని ఎన్నికల సంఘం 2025లో నిర్ణయించింది. రద్దీ తగ్గుతుంది కనుక ఇది మంచి నిర్ణయమే. కానీ 1200 దాటిన ప్రతి భాగాన్నీ విడదీయక తప్పదు. అంటే భాగం సంఖ్యలు, కేంద్రాలు మారతాయి. పంచాయతీ, పురపాలక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. శాసనసభ జాబితాలనే వార్డుల వారీగా విడదీసి వాడతారు కనుక అక్కడ కేంద్రం వేరుగా ఉండవచ్చు. కాబట్టి ప్రతి ఎన్నికకూ ముందు కొత్తగా చూసుకోవలసిందే. అభ్యర్థుల నామినేషన్ల గడువు ముగిసిన తర్వాత జాబితాలో మార్పు ఉండదు. పోలింగ్ రోజున వాదించి ప్రయోజనం లేదు.

కేంద్రంలో అడుగుపెట్టిన తర్వాత కూడా మన స్త్రీలు తమ హక్కు తెలుసుకుని ఉండాలి. 2024 మే 13న హైదరాబాద్‌లో ఒక అభ్యర్థి కేంద్రంలోకి వచ్చి బురఖా ధరించిన స్త్రీల ముసుగులు ఎత్తించి కార్డులు పరిశీలించడం, దానిపై పోలీసు కేసు నమోదు కావడం దేశమంతా చూసింది. గుర్తింపు పరిశీలన పోలింగ్ అధికారుల పని. పరదా పాటించే స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట మహిళా అధికారి చేత, మరుగున, ఆ పని చేయించాలన్నది ఎన్నికల సంఘం సూచన. ఏజెంటుకు అనుమానం వస్తే 2 రూపాయలు చెల్లించి ప్రిసైడింగ్ అధికారి ముందు సవాలు చేయాలి. తానే ముసుగు ఎత్తమనే అధికారం అతనికి లేదు. అలాగే, మన పేరుతో అప్పటికే ఎవరైనా ఓటు వేసి ఉంటే కన్నీళ్ళతో తిరిగి రావద్దు. టెండరు ఓటు అడిగి వేయాలి. గైర్హాజరు, తరలింపు, మరణం జాబితాలో పొరపాటున పేరు చేరినా, గుర్తింపు రుజువు చేసుకుంటే ఓటు వేయనివ్వాలి.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒకటి. మత స్థలాలను రాజకీయాలకు వాడరాదని 1988 నాటి చట్టం నిషేధిస్తున్నది. ఎవరికి ఓటు వేయాలో మసీదు చెప్పరాదు, చెప్పనక్కరలేదు. కానీ ఏ వీధి ఏ భాగంలో ఉన్నదో, కేంద్రం ఎక్కడికి మారిందో తెలిపే ప్రభుత్వ ప్రకటనను ప్రజలకు అందేలా చూడటం రాజకీయం కాదు. ప్రతి మొహల్లాలో చదువుకున్న యువతీ యువకులు నలుగురు, ఏ పార్టీ జెండా లేకుండా, తమ భాగపు ముసాయిదా జాబితా తీసుకుని ఇల్లిల్లూ తిరిగితే చాలు. ఉన్నవారు లేరా, లేనివారు ఉన్నారా, పేరు సరిగా ఉన్నదా అని చూసి, గడువులోగా ఫారాలు ఇచ్చి రశీదు తీసుకోవాలి. రశీదు లేని అర్జీ అర్జీ కాదు. ముస్లిం ఇళ్ళ దగ్గరే ఆగిపోకుండా ఆ వీధిలోని దళితుల ఇళ్ళకూ, అద్దెకుండే వలస కూలీల ఇళ్ళకూ వెళ్ళాలి. జాబితాలో ముందుగా రాలిపోయే పేర్లు పేదలవే, మతం ఏదైనా.

అధికారులను మేము కోరేది మూడు విషయాలు. కేంద్రం మార్చదలచినప్పుడు ఆ మొహల్లాలోనే, తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటన అంటించండి. తొలగించదలచిన పేర్ల జాబితాను కారణాలతో సహా ఆయా కేంద్రాల వద్ద ప్రదర్శించండి. అభ్యంతరం ఇచ్చినవారికి లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. వీటిలో చట్టం కాదనేది ఒక్కటీ లేదు.

సమాజాన్ని కోరేది ఒక్కటే. ప్రతి ఇంట్లో గోడ మీద, పాల లెక్క రాసుకునే చోట, ఇంటిల్లిపాది భాగం సంఖ్య, వరుస సంఖ్య, కేంద్రం పేరు రాసి పెట్టండి. ప్రాతినిధ్యం లేదని ఫిర్యాదు చేసే హక్కు మనకున్నది, ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ తన ఓటు ఏ గదిలో ఉన్నదో తెలియని సమాజం తరఫున ఎంతటి వక్త మాట్లాడినా ఆ మాటకు బలం చేకూరదు.